టైరు మింగిన బలం: ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లో యాక్సిల్ రేషియో మార్పు

1980ల నాటి షెవ్రోలే కె10 పికప్‌లు చాలావాటికి కంపెనీ వేసిన టైరు 235/75ఆర్15. ఎత్తు దాదాపు 28.9 అంగుళాలు. అదే బండికి అమెరికాలో ఇప్పటికీ ఎక్కువమంది తగిలించేది 33 అంగుళాల టైరు. బండి ఎత్తుగా, దర్జాగా కనిపిస్తుంది. వారం తిరిగేసరికి డ్రైవర్‌కి సంగతి తెలిసొస్తుంది: చిన్న మిట్ట ఎదురైనా గేరు దిగిపోతుంది, ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ తక్కువ తిరిగేలా చూసే పై గేరు) నిలవదు, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ మోతే తప్ప పరుగు ఉండదు. ఇంజిన్ పాడైందని కార్బొరేటర్ విప్పేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. టైరు 14 శాతం పెరిగింది, యాక్సిల్‌లోని గేర్లు మాత్రం పాతవే.

ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్‌తో వచ్చిన కె10లలో చాలావాటికి యాక్సిల్ రేషియో 3.08. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.08 చుట్లు తిరగాలన్నమాట. పెట్రోలు పొదుపు కోసం కంపెనీ ఎంచుకున్న అంకె అది. దాన్ని టైరు పెరిగిన నిష్పత్తి 1.142తో భాగిస్తే 2.70 వస్తుంది. అంటే పెద్ద టైరు వేసిన బండి, పాత టైరు మీదే 2.70 రేషియోతో నడుస్తున్నట్టు లెక్క. లెక్కను తిరగేస్తే పరిష్కారం కనిపిస్తుంది: 3.08ని 1.142తో గుణిస్తే 3.52. ఆ యాక్సిల్‌కి సులువుగా దొరికే రేషియోలు 3.42, 3.73, 4.10, 4.56. ఎంపిక ఈ నాలుగింటిలోనే.

ఇక్కడ చాలామంది అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటారు. అలా కాక రోడ్డు మీద ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కేసుకోవాలి. సూత్రం చిన్నదే. గంటకు ఎన్ని కిలోమీటర్లో ఆ అంకెను యాక్సిల్ రేషియోతో, గేర్‌బాక్స్ రేషియోతో, ఆపైన 5.305తో గుణించి, టైరు ఎత్తు ఎన్ని మీటర్లో దానితో భాగించాలి. కె10లో ఉండే 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఓవర్‌డ్రైవ్ రేషియో 0.70. కన్వర్టర్ (ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కి నూనె ద్వారా శక్తి అందించే భాగం) జారకుండా లాక్ అయి 105 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, పాత టైరు మీద 3.08తో ఇంజిన్ 1,640 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 33 అంగుళాల టైరు వేస్తే 1,430కి పడిపోతుంది. 3.73కి మారిస్తే 1,740, 4.10కి 1,910, 4.56కి 2,120 వస్తుంది. 1,430 దగ్గర ఆ వీ8కి రెండు టన్నుల బండిని మిట్ట ఎక్కించే ఓపిక ఉండదు. 1,900 దగ్గర హాయిగా లాగుతుంది.

ఓవర్‌డ్రైవ్ లేని మూడు గేర్ల టీహెచ్350 ఉన్న బండికి ఇదే 4.10 వేస్తే 105 కిలోమీటర్ల దగ్గర 2,720 ఆర్‌పీఎం తేలుతుంది. రోజంతా హైవే మీద అలా నడిపితే చెవులకూ పర్సుకూ నొప్పే. ఆ బండికి 3.73 చాలు. కాబట్టి 33 అంగుళాల టైరుకి 4.10 అని గుడ్డిగా ఒకరు చెప్పేదానికి విలువ లేదు. గేర్‌బాక్స్ ఏదో తెలియకుండా రేషియో చెప్పడం, కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టడం లాంటిది. ట్రెయిలర్ లాగడం, బురదలో తిరగడం ఉన్న 700ఆర్4 బండికైతే 4.10 సరైన ఎంపిక. ఇకపై లెక్కలన్నీ దాని మీదే.

బురదలో, రాళ్లలో ఈ మార్పు ఇంకా బాగా తెలుస్తుంది. 700ఆర్4 మొదటి గేరు 3.06, శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే ఎన్‌పీ208 ట్రాన్స్‌ఫర్ కేసుకి ‘లో’ రేంజ్ (నెమ్మది గేరు) 2.61. వీటిని 3.08తో గుణిస్తే 24.6, 4.10తో గుణిస్తే 32.7. పెద్ద టైరు వాటా తీసేసినా 28.7 మిగులుతుంది, అంటే కొత్తగా కొన్న రోజుకన్నా మెరుగు. రేషియోతో బండిని మచ్చిక చేసుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపు రేషియో 4.88 అయితే, యుద్ధం ముగిశాక పొలం పనుల కోసం తెచ్చిన సీజే-2ఏకి 5.38 వేశారు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో రేషియో మార్పు అంటే ఒక పని కాదు, రెండు. వెనక యాక్సిల్‌కి 4.10 వేసి ముందు 3.08 ఉంచి ఫోర్ వీల్‌లో పెడితే జోడెడ్లలో ఒకటి నడుస్తూ, ఇంకొకటి పరుగెడుతున్నట్టు ఉంటుంది. విరిగేది కాడే. ఎన్‌పీ208 పార్ట్ టైమ్ కేసు; ఫోర్ వీల్‌లో రెండు ప్రొపెల్లర్ షాఫ్ట్‌లనూ గొలుసుతో ఒకే వేగానికి కట్టేస్తుంది. తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. టైరు జారి తేడా సర్దుకోకపోతే గొలుసు సాగుతుంది, లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసన ఉండే జాయింట్ క్రాస్ విరుగుతుంది. చిన్న తేడా మాత్రం పరవాలేదు. యాక్సిల్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే చిన్న గేరు పినియన్, పినియన్ తిప్పే పెద్ద గేరు క్రౌన్. వెనక 41 పళ్ల క్రౌన్, 10 పళ్ల పినియన్ ఉంటే 4.10. ముందు 37 పళ్లు, 9 పళ్లు ఉంటే 4.11. పావు శాతం తేడా అది. టైరు గాలిలో తేడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఒక్క శాతం దాటితే మాత్రం ఒప్పుకోకూడదు. డబ్బు కుదరక మొదట వెనక యాక్సిల్ ఒక్కటే చేయిస్తే, ముందు చక్రాల హబ్‌లు ఫ్రీలో (చక్రాలకు యాక్సిల్‌తో లంకె లేకుండా) ఉంచి టూ వీల్‌లోనే నడపొచ్చు. లీవర్ మీద ఒక టేపు ముక్క అంటించడం మేలు, ఎవరో ఒకరు మరిచిపోయి లాగకుండా.

విప్పే ముందు చూడాల్సినవి

గ్లవ్ బాక్స్‌లోని స్టిక్కర్ మీద జీయూ4 అని ఉంటే 3.08, జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73, జీటీ5 అంటే 4.10. జీ80 అని కూడా ఉంటే వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పేది) ఉన్నట్టు. కానీ నలభై ఏళ్ల బండిలో స్టిక్కర్‌ని నమ్మి గేర్లు ఆర్డర్ చేయడం తెలివైన పని కాదు. ఈలోగా ఎవరు ఏ యాక్సిల్ మార్చారో! కవర్ విప్పి పళ్లు లెక్కపెట్టడమే పద్ధతి. విప్పకుండా తేల్చుకోవాలంటే, మామూలు డిఫరెన్షియల్ అయితే ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని, ఎత్తిన రెండో చక్రాన్ని రెండు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూస్తే చాలు.

యాక్సిల్ ఏదో తెలియడం అంతకన్నా ముఖ్యం. 1977 నుంచి కె10 ముందు భాగంలో షెవ్రోలే మాతృసంస్థ జీఎం సొంత పది బోల్టుల (కవర్‌కి ఉండే బోల్టుల లెక్క) యాక్సిల్ వచ్చింది, క్రౌన్ వ్యాసం 8.5 అంగుళాలు. అంతకుముందు డానా కంపెనీ యాక్సిల్ డానా 44 ఉండేది. వెనక పన్నెండు బోల్టులది పోయి పది బోల్టుల 8.5 అంగుళాలది వచ్చింది 1980ల మొదట్లో. ఈ తేడా డబ్బులతో ముడిపడింది. రేషియో అంకె పెరిగేకొద్దీ పినియన్ తల చిన్నదవుతుంది, క్రౌన్ దానివైపు జరగాలి. కొంతవరకు క్రౌన్ మందం పెంచి సర్దుతారు, ఒక హద్దు దాటితే క్రౌన్ బిగించే కేరియర్ అంచే వేరేది కావాలి. 8.5 అంగుళాల పది బోల్టుల యాక్సిల్‌లో ఆ హద్దు 2.56కీ 2.73కీ మధ్య ఉంటుంది, కాబట్టి 3.08 కేరియర్ మీదే 4.10 కూర్చుంటుంది. డానా 44లో హద్దు 3.73కీ 3.92కీ మధ్య. అక్కడ 3.08 నుంచి 4.10కి వెళ్లాలంటే కొత్త కేరియర్ కొనాల్సిందే. లాకర్ (లాకింగ్ డిఫరెన్షియల్) వేయించే ఆలోచన ఉంటే అప్పుడే వేయించుకోవాలి. విప్పే కూలీ ఒకటే.

సామాన్ల సంగతి: ఒక్కో యాక్సిల్‌కి క్రౌన్, పినియన్ జంట, పూర్తి ఇన్‌స్టాల్ కిట్. కిట్‌లో పినియన్ బేరింగులు రెండు, కేరియర్ బేరింగులు రెండు, ఆయిల్ సీల్, పినియన్ నట్, క్రష్ స్లీవ్, క్రౌన్ బోల్టులు, షిమ్ములు (సర్దుబాటుకి వేసే పల్చటి రేకులు), పళ్ల ముద్ర చూసే పసుపు రంగు పేస్టు ఉంటాయి. గేర్లు రెండువైపులా 8.5 అంగుళాలవే అయినా ముందు యాక్సిల్ కిట్, వెనక యాక్సిల్ కిట్ వేర్వేరు, చూసి ఆర్డర్ చేయాలి. క్రౌన్ మీద, పినియన్ మీద ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. అవి ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రాపిడి పట్టించిన జంట. ఒకటి పగిలితే రెండూ మార్చాలి. మన ఆటోనగర్ మెకానిక్కులు క్రౌన్, టెయిల్ పినియన్ ఎప్పుడూ సెట్టుగానే అడగడం వెనక కారణం ఇదే.

షిమ్ముల దగ్గరే పని

పాత గేర్లు విప్పే ముందే డయల్ గేజ్ పెట్టి ప్లే (పళ్ల మధ్య ఉండే వదులు) ఎంతుందో, పళ్ల ముద్ర (పళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూపే గుర్తు) ఎలా ఉందో రాసుకోవాలి. బేరింగ్ క్యాపుల మీద ఎడమ, కుడి, పైవైపు ఏదో పంచ్ గుర్తులు పెట్టాలి. హౌసింగ్‌తో కలిపి మెషీన్ చేసినవి అవి. తారుమారైతే బేరింగ్ సరిగా పట్టదు. వెనక యాక్సిల్‌లో షాఫ్టులను సీ-క్లిప్పులు పట్టి ఉంచుతాయి. డిఫరెన్షియల్‌లో అడ్డంగా ఉండే క్రాస్ షాఫ్ట్ పిన్నును ఆపే సన్నటి బోల్టు విరగడం ఈ యాక్సిల్‌లో అందరికీ ఎదురయ్యే తలనొప్పి. ముందు రోజు నుంచి నూనె పట్టించి, నెమ్మదిగా తిప్పాలి. క్రాస్ షాఫ్ట్ లాగి, యాక్సిల్ షాఫ్టులను లోపలికి నెట్టి, సీ-క్లిప్పులు తీస్తే షాఫ్టులు బయటకొస్తాయి. కేరియర్ బిగువుగా ఉంటుంది, రెండు ప్రై బార్లతో కదిలించాలి. దాని పక్క షిమ్ములు ఎడమవి ఎడమ, కుడివి కుడి కట్ట కట్టి, మైక్రోమీటర్‌తో కొలిచి రాసిపెట్టాలి.

ముందు యాక్సిల్‌లో సీ-క్లిప్పులు లేవు గానీ పని ఎక్కువ. లాకింగ్ హబ్, బేరింగ్ నట్లు, డిస్కు, ఆరు నట్లతో బిగించిన స్పిండిల్, ఇవన్నీ తీస్తేనే షాఫ్ట్ కదులుతుంది. ఎలాగూ విప్పారు కనుక చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టకపోతే అది సోమరితనమే.

క్రౌన్ బోల్టుల దగ్గర కొత్తవాళ్లు కచ్చితంగా పొరబడతారు. 8.5 అంగుళాల పది బోల్టుల యాక్సిల్‌లో అవి ఉల్టా థ్రెడ్. విప్పుతున్నామనుకుని ఇంకా బిగించి తలలు విరగ్గొట్టినవాళ్లకు లెక్కలేదు. కొత్త క్రౌన్ బిగించే ముందు కేరియర్ అంచు మీద సన్నటి గరుకు కూడా ఉండకుండా నూనెరాయితో రుద్దాలి. క్రౌన్‌ను వేడి నీళ్లలో కాసేపు ఉంచితే సులువుగా జారి కూర్చుంటుంది. మంట పెట్టకూడదు, పళ్ల గట్టిదనం పోతుంది. పాత బోల్టులు మళ్లీ వాడకూడదు. కొత్తవాటికి ఎర్ర థ్రెడ్‌లాకర్ పూసి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, కిట్ కాగితంలో చెప్పిన టార్క్‌కి బిగించాలి.

ఇక పినియన్ లోతు. మొత్తం పని మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. ఈ యాక్సిల్‌లో షిమ్ము పినియన్ తలకీ లోపలి బేరింగ్‌కీ మధ్య ఉంటుంది, మందం మామూలుగా 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) అటూ ఇటూ, అంటే 0.75 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మందం పెంచితే పినియన్ క్రౌన్ మధ్యకు చేరువవుతుంది, తగ్గిస్తే వెనక్కి జరుగుతుంది. పాత పినియన్ కింద ఎంత షిమ్ము ఉందో అంతే వేసి మొదలుపెట్టడం తెలిసినవాళ్ల పద్ధతి. హౌసింగ్ మారలేదు కదా, ఆ అంకె నిజానికి దగ్గరగానే ఉంటుంది. షిమ్ము మార్చినప్పుడల్లా బేరింగ్‌ను ప్రెస్‌లో పీకాల్సి వస్తుంది, కొత్త బేరింగ్ దెబ్బతింటుంది. అందుకే పాత బేరింగ్ లోపలి కంతను రుద్ది వదులు చేసి, దాన్ని కొలతల కోసమే ఉంచుకుంటారు. చేతితో వేసి చేతితో తీసేయొచ్చు. ఈ దశలో క్రష్ స్లీవ్ వేయరు. పినియన్ కదలకుండా ఉండేంత మటుకే నట్ బిగిస్తారు.

కేరియర్ పెట్టి, క్యాపులు 75 నుంచి 80 న్యూటన్ మీటర్లకు బిగించి, డయల్ గేజ్‌తో ప్లే చూడాలి. ఉండాల్సింది 6 నుంచి 10 థౌ, అంటే 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు. క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల కొలవాలి. చోటుకీ చోటుకీ 3 థౌ కన్నా ఎక్కువ తేడా వస్తే క్రౌన్ వంకరగా కూర్చుంది, అంచు కింద మురికో గరుకో ఉంది. ప్లే ఎక్కువైతే ఒక పక్క షిమ్ము తీసి అంతే మందం రెండో పక్క వేస్తూ క్రౌన్‌ను పినియన్ వైపు జరపాలి. 3 థౌ జరిపితే ప్లే దాదాపు 2 థౌ మారుతుంది. చివర్లో రెండు పక్కలా చెరో 4 థౌ అదనంగా వేస్తే కేరియర్ బేరింగ్‌కి ప్రీలోడ్ (బేరింగ్ మీద ముందే ఉంచే బిగువు) వస్తుంది.

ప్లే సరిపోయిందని సంతోషించి మూసేసినవే తర్వాత ఊళలు పెట్టే బండ్లు. ప్లే సరిపోవడం సగం మాటే, తీర్పు చెప్పేది పళ్ల ముద్ర. మూడు నాలుగు పళ్లకు పసుపు పేస్టు పల్చగా పూసి, క్రౌన్‌కి గుడ్డతో అడ్డం పట్టి బరువు కలిగిస్తూ, పినియన్‌ను రెండువైపులా తిప్పాలి. పేస్టు తుడుచుకుపోయిన చోటు పంటి ఎత్తులో మధ్యన ఉండాలి. పంటి మొదట్లోకి, లోయలోకి దిగిపోతే పినియన్ మరీ లోపలికి వచ్చింది, షిమ్ము తగ్గించాలి. పంటి కొన మీదికి ఎక్కితే పినియన్ వెనకబడింది, షిమ్ము పెంచాలి. మొదటిసారి 5 థౌ మార్చి చూడటం మంచిది, ముద్ర ఎటు కదిలిందో స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత 2, 3 థౌ చొప్పున. లోతు మారినప్పుడల్లా ప్లే కూడా మారుతుంది, మళ్లీ సర్దాలి. ఆరేడు సార్లు విప్పి బిగించడం మామూలే. విసుగొచ్చి, ఇది చాల్లే అనిపించే నాలుగోసారి దగ్గర ఆగకూడదు.

ముందు యాక్సిల్‌లో ఒక మెలిక ఉంది. వెనక యాక్సిల్‌లో బండి ముందుకు పోయేటప్పుడు క్రౌన్ పంటి ఉబ్బెత్తు వైపు మీద బరువు పడుతుంది. పినియన్ కిందికి ఉన్న అదే తరహా గేర్లు ముందు యాక్సిల్‌లో వాడినప్పుడు, ముందుకు పోయేటప్పుడు బరువు పడేది లోపలికి వంగిన వైపు, అంటే వెనక యాక్సిల్‌లో యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు పనిచేసే వైపు. అది కొంచెం బలహీనమైన వైపు కూడా. కాబట్టి ముందు యాక్సిల్ సెట్ చేస్తున్నప్పుడు ఆ వైపు ముద్రను రెట్టింపు శ్రద్ధతో చూడాలి.

ముద్ర కుదిరాక అసలు బేరింగులు, సీల్, క్రష్ స్లీవ్ వేసి పినియన్‌కి ప్రీలోడ్ పెట్టాలి. క్రష్ స్లీవ్ అంటే నట్ బిగించేకొద్దీ నలిగే సన్నటి గొట్టం. అది నలగడం మొదలవ్వాలంటేనే 340 న్యూటన్ మీటర్లు దాటాలి. పినియన్ కొసన ఉండే యోక్‌ను పట్టుకోవడానికి మీటరు పొడవు బారు లేకపోతే కుదరదు. నలగడం మొదలయ్యాక మాత్రం చెయ్యి మెత్తగా ఉండాలి. ఇంత తిప్పి, ప్రీలోడ్ కొలిచి, మళ్లీ ఇంత తిప్పి. కొత్త బేరింగ్‌కి తిరుగుతున్నప్పుడు కావాల్సిన బిగువు 20 నుంచి 25 ఇంచ్ పౌండ్లు, అంటే 2.3 నుంచి 2.8 న్యూటన్ మీటర్లు. కదిలించేటప్పుడు మొదట వచ్చే అంకె లెక్కలోకి రాదు. దాటిపోయిందా, నట్ వదులు చేసి సర్దుకుందామనుకోవద్దు. నలిగిన స్లీవ్ మళ్లీ లేవదు, పినియన్ వదులైపోతుంది. కొత్త స్లీవ్ వేయాల్సిందే. అందుకే ముందుగానే రెండు స్లీవ్‌లు తెచ్చుకునేవాళ్లు తెలివైనవాళ్లు. బరువు లాగే బండికి స్లీవ్ బదులు గట్టి స్పేసర్, షిమ్ములతో సెట్ చేయడం ఇంకా మంచిది. ఓపిక కావాలి, కానీ తర్వాత సీల్ మార్చినా ప్రీలోడ్ చెదరదు.

మూసే ముందు ఇంకొకటి. అంకె పెద్దదైన రేషియోల్లో క్రౌన్ పళ్లు అడ్డొచ్చి క్రాస్ షాఫ్ట్ బయటికి రాకపోవచ్చు. అలా జరిగితే సీ-క్లిప్పులు పెట్టలేం. ఇది కేరియర్ బల్ల మీద ఉండగానే చూసుకోవాలి, హౌసింగ్‌లో పెట్టాక కాదు.

రోడ్డెక్కాక

గేర్ ఆయిల్ 80డబ్ల్యూ-90, జీఎల్-5 రకం. వెనక యాక్సిల్‌లో దాదాపు 2 లీటర్లు, నింపే కంత అంచుదాకా. మొదటిసారి 25 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, అరగంట పూర్తిగా చల్లారనివ్వాలి. ఇలా రెండు మూడు సార్లు. కొత్త పళ్లు ఒకదానికొకటి సర్దుకుంటూ వేడెక్కుతాయి. ఆ వేడిలోనే ట్రెయిలర్ తగిలించి లాగితే పంటి పైపొర మెత్తబడి చెడిపోతుంది. మొదటి 800 కిలోమీటర్లు బరువు లాగకూడదు. హౌసింగ్ వేడిగా ఉండటం మామూలే, పినియన్ ముక్కు దగ్గర నీటి చుక్క వేస్తే చుయ్‌మంటే మాత్రం ప్రీలోడ్ ఎక్కువైనట్టు. ముందు యాక్సిల్‌ను సర్దడానికి మట్టిరోడ్డు మీద, తిన్నగా, తక్కువ వేగంతో ఫోర్ వీల్‌లో నడపాలి. తారు రోడ్డు మీద రేషియోలు సరిపోయినా ఫోర్ వీల్ వేయకూడదు.

స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది. 3.08 నుంచి 4.10కి, 28.9 నుంచి 33కి మారాక అది దాదాపు 17 శాతం ఎక్కువ చూపిస్తుంది. నిజంగా 90లో పోతుంటే ముల్లు 105 దగ్గర ఉంటుంది. ఈ బండిలో దాన్ని తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు ట్రాన్స్‌ఫర్ కేసు తోక దగ్గర ఉంటుంది. పళ్లు ఎక్కువున్నది వేస్తే సరిపోతుంది. గేర్లు మునుపటికన్నా త్వరగా మారుతున్నట్టు అనిపించినా కంగారు పడక్కర్లేదు. 700ఆర్4 బయటి షాఫ్ట్ వేగాన్ని బట్టి గేరు మారుస్తుంది, ఆ షాఫ్ట్ ఇప్పుడు అదే రోడ్డు వేగానికి ఎక్కువ తిరుగుతోంది.

శబ్దాలను విడదీసి వినాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఊళ వచ్చి, వదలగానే ఆగితే పినియన్ లోతు తప్పింది. వదిలినప్పుడు మాత్రమే వస్తే పినియన్ ప్రీలోడ్ వదులైందేమో ముందు చూడాలి. నొక్కినా వదిలినా ఒకేలా గరగర ఉంటే గేర్లది తప్పు కాదు, బేరింగులది. గేరు వేసినప్పుడు ఠక్కుమంటే ప్లే చూసేకన్నా ముందు జాయింట్ క్రాస్ చూడాలి, పాత బండిలో ఎక్కువసార్లు దొంగ అదే. ఊళ పెట్టే గేర్లు నడవగా నడవగా సర్దుకుంటాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. తప్పు ముద్రతో అరిగిన పళ్లను తర్వాత సరిగ్గా సెట్ చేసినా శబ్దం పోదు.

800 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ దింపి కవర్ విప్పాలి. అడుగున పెట్టిన అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద, చందనంలా మెత్తగా, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకుండా ఉంటే కొత్త ఆయిల్ పోసి మూసేయొచ్చు. మెరిసే పలుకు ఒక్కటి కనిపించినా కవర్ మూయకుండా ఉంచి, పసుపు పేస్టు డబ్బా మళ్లీ తీయాలి.